అక్షర కూర్పు – పాఠ పరిష్కరణ: భద్రాచల వాఙ్మయంపై పరిశోధన వ్యాసాల రూపవిన్యాస పరిశీలన

వ్యాస సంగ్రహం

పరిశోధన పత్రికకు పంపే వ్యాసంలో పద్యం, కీర్తన, మౌఖిక గేయం, పాఠాంతరం, ఆధార సూచిక ఏ రూపంలో ఉండాలన్నది సాధారణంగా డీటీపీ చేసేవారి పనిగా పరిగణింపబడుతున్నది. ఈ కూర్పు పాఠ పరిష్కరణలో అంతర్భాగమని భద్రాచల ప్రాంత వాఙ్మయం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. దాశరథీ శతక పద్యం, రామదాసు కీర్తన, కోయ గేయం అనే మూడు రకాల పాఠాలు కూర్పులో ఎదుర్కొనే సమస్యలను వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. లేటెక్ వంటి అక్షర కూర్పు వ్యవస్థలు ఈ సమస్యలను ఏ మేరకు తీర్చగలవో, ఎక్కడ తెలుగు సంప్రదాయంతో పొసగవో వివేచిస్తుంది.

కీలక పదాలు: అక్షర కూర్పు, పాఠ పరిష్కరణ, యూనికోడ్, లేటెక్, దాశరథీ శతకం, రామదాసు కీర్తనలు, కోయ గేయాలు.

1. ఉపోద్ఘాతం

భద్రాచల ప్రాంత వాఙ్మయంపై పరిశోధన చేసేవారి ముందు ప్రధానంగా మూడు రకాల పాఠాలు ఉంటాయి. మొదటిది ఛందోబద్ధ రచన. దీనికి కంచెర్ల గోపన్న రచించిన దాశరథీ శతకం ప్రసిద్ధమైన ఉదాహరణ. రెండవది గేయ రచన. గోపన్నయే రామదాసుగా పాడిన కీర్తనలు, ఆ తరువాత తూము నరసింహదాసు వంటి భక్తుల కీర్తనలు ఈ కోవలోనివి. మూడవది మౌఖిక వాఙ్మయం. గోదావరి, శబరి తీరాలలోను, అడవి పల్లెలలోను కోయలు పాడుకొనే పాటలు, చెప్పుకొనే కథలు ఇందులో చేరతాయి. ఒకే వ్యాసంలో ఈ మూడింటినీ ఉదాహరించవలసిన సందర్భాలు అరుదు కాదు.

ఈ మూడింటి నిర్మాణాలు వేరు. పద్యానికి ప్రమాణం పాదం. కీర్తనకు ప్రమాణం పల్లవి, చరణాల ఆవృత్తి. మౌఖిక గేయానికి ప్రమాణం గాయకుల ఉచ్చారణ. అయినా పత్రికలు వ్యాసకర్తలకు ఇచ్చే సూచనలు ఎక్కువగా ఫాంటు పేరు, అక్షర పరిమాణం, పంక్తుల ఎడం, పుటల సంఖ్య వరకే పరిమితమవుతున్నాయి. పద్యాన్ని ఎలా విడగొట్టాలో, పాఠాంతరాన్ని ఎక్కడ చూపాలో, పాట పాడినవారి పేరు ఏ స్థానంలో ఉండాలో ఆ సూచనలు చెప్పవు. చెప్పనిచోట నిర్ణయం కంపోజ్ చేసేవారి చేతికి పోతుంది. ఆ నిర్ణయమే తరువాతి పరిశోధకులకు పాఠంగా అందుతుంది.

2. కూర్పులో రెండు మార్గాలు

తెలుగు అచ్చు చరిత్ర 1746లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ ప్రచురించిన గ్రంథాలతో మొదలైందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. తరువాత వావిళ్ల వంటి ప్రచురణ సంస్థలు కావ్యాలను, శతకాలను పరిష్కరించి ప్రకటించాయి. చేతి కూర్పు కాలంలో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుకు, ప్రూఫులు దిద్దే పండితునికి, పరిష్కర్తకు మధ్య ప్రతి పుట చేతులు మారేది. పద్యపాదాన్ని ఎక్కడ విరవాలి, అరసున్న ఎక్కడ ఉండాలి అన్నవి ఆ దిద్దుబాటులో తేలేవి. అచ్చుకూటానికి పరిష్కరణతో సంబంధం ఉండేది.

కంప్యూటరు వచ్చిన తరువాత తెలుగు కూర్పు రెండు మార్గాలలో సాగింది. మొదటిది కంటికి కనిపించే రూపాన్ని ప్రధానంగా భావించే మార్గం. పేజ్‌మేకరులో అను ఫాంట్లతో పుటలు తయారుచేసే పద్ధతి తెలుగునాట విస్తృతంగా వ్యాపించింది. పుస్తక ప్రచురణను చిన్న పట్టణాలకు చేర్చిన ఘనత ఈ పద్ధతికి దక్కాలి. అయితే యూనికోడేతర ఫాంట్లలో తెలుగు అక్షర ఖండాలు రోమన్ అక్షరాల స్థానాలలో అమర్చబడి ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో వ్యాసం రోమన్ అక్షరాల, చిహ్నాల కలగాపులగంగా కనిపిస్తుంది. యంత్రం దృష్టిలో అక్కడ తెలుగు అక్షరమే లేదు. కనుక అన్వేషణకు అది అందదు.

రెండవది నిర్మాణాన్ని ప్రధానంగా భావించే మార్గం. అమెరికన్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తన గ్రంథపు కొత్త ముద్రణ ప్రూఫులలో అక్షరాల నాణ్యత నచ్చక 1977లో టెక్ అనే కూర్పు వ్యవస్థ నిర్మాణానికి పూనుకున్నాడు. దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980ల దశకంలో లేటెక్ రూపొందించాడు. లేటెక్‌లో రచయిత 'ఇది శీర్షిక', 'ఇది ఉదాహరణ', 'ఇది అధోజ్ఞాపిక' అని సూచికలు పెడతాడు. వాటి రూపాన్ని పత్రిక తయారుచేసిన శైలి పత్రం నిర్ణయిస్తుంది. ఒకే మూలాన్ని రెండు పత్రికలు రెండు రూపాలలో అచ్చు వేయవచ్చు, మూలం మాత్రం మారదు.

తెలుగువారు ఈ మార్గానికి కొత్తవారు కారు. 1990ల దశకంలోనే తెలుగు టెక్ అనే సాధనం ఉండేది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్‌టీఎస్ పేరుతో ప్రవాసులలో వాడుకలోకి వచ్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. జోనథన్ క్యూ 2004లో విడుదల చేసిన జీటెక్ యూనికోడ్ తెలుగును నేరుగా చదివి, ఓపెన్‌టైప్ ఫాంట్లతో కూర్చగలిగింది. పోతన, మండలి, గిడుగు, సురవరం వంటి ఉచిత ఫాంట్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. సాధనాల కొరత కంటే అలవాటు కొరతే నేటి సమస్యగా కనిపిస్తున్నది.

3. పద్యం: పాదభంగం, యతి, ప్రాస

దాశరథీ శతకం ఉత్పలమాల, చంపకమాల వృత్తాలలో సాగిన రచన. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, యతి 11వ అక్షరం. పుటను రెండు నిలువు వరుసలుగా విభజించే పత్రికలో ఈ పాదం ఒక పంక్తిలో ఇమడదు. మిగిలిన నాలుగైదు అక్షరాలు కింది పంక్తికి జారుతాయి. ఆ పంక్తి కూడా అంచు నుంచే మొదలైతే నాలుగు పాదాల పద్యం ఎనిమిది పంక్తులుగా కనిపిస్తుంది. పాదంలో రెండవ అక్షరం ప్రాసస్థానం కనుక జారిన పంక్తిలోని రెండవ అక్షరం కూడా ప్రాసస్థానంగా భ్రమ గొలుపుతుంది. శతకాన్ని ఎరిగిన పాఠకుడు సరిచేసుకుంటాడు. అముద్రిత పద్యాన్ని తొలిసారి ప్రకటిస్తున్న వ్యాసంలో ఆ అవకాశం ఉండదు.

లేటెక్‌లో పద్యానికి ప్రత్యేకమైన సూచిక ఉంది. పాదం ముగిసిన చోట రచయిత పాదాంతమని గుర్తిస్తే, చోటు చాలక జారిన భాగాన్ని వ్యవస్థ లోపలికి జరిపి కూరుస్తుంది. అది కొత్త పాదం కాదని కంటికి తెలుస్తుంది. వరుస వెడల్పు మారినా పాదం పాదంగానే నిలుస్తుంది. ఎంటర్ మీటతో విరిచిన పంక్తికి ఈ గుణం లేదు. అక్కడ పాదాంతానికి, పుట అంచుకు భేదం నమోదు కాలేదు.

గణవిభజన చూపేటప్పుడు ఈ సమస్య మరింత తీవ్రమవుతుంది. చంపకమాలలోని మొదటి రెండు లఘువుల స్థానంలో ఒక గురువు నిలిస్తే ఉత్పలమాల ఏర్పడుతుంది. అంటే రెండు వృత్తాల భేదం పాదారంభంలోనే ఉంది. గురులఘు చిహ్నాలను స్పేస్ మీటతో జరిపి అక్షరాలపై నిలిపితే, ఫాంటు మారిన వెంటనే అవి పక్కకు జరుగుతాయి. తెలుగు అక్షరాల వెడల్పులు సమానం కావు. 'ర'కు, 'క్ష్మ'కు మధ్య ఎంతో తేడా ఉంది. గురు చిహ్నం ఒక్క అక్షరం పక్కకు తప్పుకుంటే ఛందోవిశ్లేషణ మొత్తం తప్పుగా కనిపిస్తుంది. ఆ దోషం పరిశోధకులకు అంటుతుంది. ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క గడిలో, దాని చిహ్నాన్ని పై గడిలో ఉంచి పట్టికగా కూరిస్తే ఈ ప్రమాదం ఉండదు.

మరొక సూక్ష్మాంశం ఉంది. వృత్తంలో పదం ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో ముగియవచ్చు. అక్కడ కొందరు చిన్న గీత పెడతారు. వచనంలో దీర్ఘసమాసం పంక్తి చివర విరిగినప్పుడు వచ్చేదీ అదే గీత. మొదటిది పద్యనిర్మాణానికి సంబంధించినది, రెండవది పుట వెడల్పుకు సంబంధించినది. మూలంలో ఈ రెండూ వేరువేరుగా గుర్తింపబడకపోతే, పత్రిక నుంచి పద్యాన్ని ఎత్తి రాసుకొనేవారు అచ్చు గీతను పాఠంలో చేర్చే ప్రమాదం ఉంది.

4. కీర్తన: ఆవృత్తి, పాఠాంతరం

రామదాసు కీర్తనలు భజన సంప్రదాయంలో నోటి ద్వారా ప్రచారమై అచ్చులోకి వచ్చినవి. పల్లవి, చరణాలు, ప్రతి చరణం చివర పల్లవికి మరలడం వీటి నిర్మాణం. అచ్చు ప్రతులలో ఈ మరలింపును పల్లవిలోని తొలి పదంతోనో, రెండు నిలువు గీతల మధ్య పొడి అక్షరంతోనో సూచిస్తారు. వ్యాసంలో చోటు కలిసివస్తుందని కీర్తనను పేరాగా కలిపి కూర్చినప్పుడు ఈ సూచన పదాల మధ్య కలిసిపోతుంది. గాయకుడు ఎక్కడికి తిరిగివెళ్లాలో పాఠకునికి తెలియదు. కీర్తన వచనమైపోతుంది.

శీర్షికలో ఉండే రాగతాళాల పేర్లకు కూడా వివేచన అవసరం. అవి రచయిత నిర్దేశించినవా, తరువాతి గాయక సంప్రదాయం నుంచి వచ్చినవా, ప్రచురణకర్త చేర్చినవా అన్నది పరిష్కర్త చెప్పవలసిన విషయం. కీర్తన పాఠం, రాగతాళ సూచన ఒకే అక్షర పరిమాణంలో, ఒకే వరుసలో ఉంటే మూడు వేరువేరు స్వరాలు ఒకే రచయితకు ఆపాదింపబడతాయి.

పాఠాంతరాల విషయంలో కూర్పు వ్యవస్థ అత్యంత ప్రయోజనకారి. విమర్శాత్మక పరిష్కరణ కోసం ఎడ్‌మాక్ అనే సాధనాన్ని రూపొందించిన ఇద్దరిలో డొమినిక్ వుజాస్టిక్ సంస్కృత పండితుడు. 1990లో టెక్ వినియోగదారుల పత్రికలో దాని పరిచయం వెలువడింది. దాని వారసత్వంగా వచ్చిన రెలెడ్‌మాక్ ఇప్పుడు లేటెక్‌తో పనిచేస్తున్నది. పంక్తి సంఖ్యలు వాటంతట అవే పడతాయి. పాఠాంతరం ఏ పదానికి చెందినదో మూలంలోనే ముడిపడి ఉంటుంది కనుక పుట మారినా సంఖ్య తప్పదు. చేతితో సంఖ్యలు వేసిన పీఠికలో ఒక చరణం చేర్చితే తరువాతి సంఖ్యలన్నీ దిద్దవలసి వస్తుంది. ఆ దిద్దుబాటుకు భయపడి పాఠాంతరాలను అసలు ఇవ్వకపోవడం కంటే పెద్ద నష్టం పరిష్కరణకు లేదు.

5. కోయ గేయం: మూడు పొరల పాఠం

కోయ గోండికి సన్నిహితమైన ద్రావిడ భాష. భద్రాచల ప్రాంతంలో దీనిని తెలుగు లిపిలో రాస్తున్నారు. దుమ్ముగూడెంలో ఉండిన మతప్రచారకుడు జాన్ కెయిన్ 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై వ్యాసాలు ప్రకటించాడు. స్టీఫెన్ టైలర్ గొమ్ము కోయ మాండలికంపై రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. ఈ ఇద్దరి రచనలూ ఆంగ్లంలోనివి. తెలుగు విశ్వవిద్యాలయ శాఖల పత్రికలలో కోయ గేయం తెలుగు అక్షరాలతో, తెలుగు వ్యాసం మధ్యలో కనిపిస్తుంది. ఇక్కడే కూర్పు బాధ్యత పెరుగుతుంది.

రెండు భాషలకు లిపి ఒకటే కనుక కోయ పంక్తిని తెలుగు నుంచి వేరుచేసి చూపే దృశ్యభేదం ఉండదు. రోమన్ లిపిలో పరభాషా పదాలను వాలు అక్షరాలతో చూపుతారు. తెలుగు లిపికి ఆ సంప్రదాయం లేదు. ఫాంటును బలవంతంగా పక్కకు వంచితే గుడులు, వత్తులు వికృతమవుతాయి. బొద్దు అక్షరాలు వాడితే ఉద్ఘాటన అనే మరో అర్థం వస్తుంది. చివరకు కోయ పదం అచ్చుతప్పుగా భావింపబడి, ప్రూఫు దశలో సమీపంలోని తెలుగు పదంగా 'దిద్దబడే' ప్రమాదం ఉంది. వ్యాకరణ విశ్లేషణ అంతా ఒక ప్రత్యయంపై ఆధారపడినప్పుడు ఆ ఒక్క దిద్దుబాటుతో వాదం కూలిపోతుంది.

ఐఎస్ఓ 639-3 ప్రమాణంలో కోయకు కెఎఫ్ఎఫ్ అనే సంకేతం ఉంది. మూలంలో ఆ పంక్తులను కోయ భాషగా గుర్తిస్తే తెలుగు పద విరుపు నియమాలు, అక్షరదోష పరీక్ష వాటికి వర్తించకుండా నిలపవచ్చు. అవసరమైతే పత్రిక శైలి పత్రం వాటికి వేరే ఫాంటు కేటాయించవచ్చు. భాషాశాస్త్ర ఉదాహరణల కోసం లేటెక్‌లో ఉన్న సాధనాలు గేయ పంక్తి, పదానికి పదంగా అర్థం, తెలుగు అనువాదం అనే మూడు పొరలను ఒకదాని కింద ఒకటి అమర్చుతాయి. ఏ కోయ పదానికి ఏ తెలుగు అర్థమో నిలువుగా కనిపిస్తుంది. కోయ తెలిసిన పాఠకుడు అనువాదాన్ని పరీక్షించగలుగుతాడు. అనువాదం మాత్రమే మిగిలిన వ్యాసంలో ఆ హక్కు అతనికి లేదు.

లిపి గుర్తింపు ఎంత ముఖ్యమో గుంజాల గోండి లిపి ఉదాహరణ తెలుపుతుంది. ఆదిలాబాదు ప్రాంతంలోని గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. తెలుగు విషయంలో కూడా ౘ, ౙ అక్షరాలు 2008లో, ఴ అక్షరం 2014లో, నకారపొల్లు 2021లో చేరాయి. సంకేతం లేని అక్షరాన్ని పరిశోధకులు బొమ్మగా అతికించవలసి వచ్చేది. బొమ్మ కంటికి అక్షరమే, అన్వేషణకు మాత్రం శూన్యం.

6. పేర్లు, ఊర్లు: ఆధార సూచికలో తలెత్తే చిక్కులు

కూర్పు వ్యవస్థలు పాశ్చాత్య సంప్రదాయంలో పుట్టాయి. వాటి నియమాలను యథాతథంగా స్వీకరిస్తే మరో రకమైన తప్పులు దొర్లుతాయి. లేటెక్‌తో వాడే బిబ్‌టెక్ పేరులోని చివరి పదాన్ని ఇంటిపేరుగా గ్రహిస్తుంది. 'కంచెర్ల గోపన్న' అని రాస్తే గోపన్న ఇంటిపేరు అవుతుంది, కంచెర్ల వ్యక్తి పేరు అవుతుంది. ఇంటిపేరు తరువాత కామా పెట్టడం ద్వారానో, పేరు మొత్తాన్ని ఒకే ఖండంగా గుర్తించడం ద్వారానో దీనిని నివారించవచ్చు. ఈ జాగ్రత్త పత్రిక సూచనలలో ఉండాలి. గోపన్న, రామదాసు ఒకరేనన్న అనుసంధానం కూడా సూచికలో ఉండాలి.

మౌఖిక గేయానికి కర్త స్థానంలో ఎవరి పేరు ఉండాలన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. సూచిక నమూనాలో 'రచయిత' అనే గడి ఒక్కటే ఉంటే సేకర్త పేరు అందులో చేరుతుంది. పాడినవారు అధోజ్ఞాపికలో 'ఒక కోయ మహిళ' అయిపోతారు. గాయకులు, సేకర్త, అనువాదకులు అనే మూడు గడులు గల నమూనాను పత్రిక ఇస్తే, గాయకుల అంగీకారం ఉన్నచోట వారి పేరు మొదట నిలుస్తుంది. శైలి పత్రంలో చేర్చే ఒక్క గడి సాహిత్య చరిత్రలో ఒక వ్యక్తి ఉనికిని నిర్ణయించగలదు.

స్థలనామం మరొక చిక్కు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చేరాయి. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. కనుక కెయిన్ ఒకే శీర్షిక కింద వర్ణించిన రెండు తాలూకాల కేంద్రాలు నేడు రెండు రాష్ట్రాలలో ఉన్నాయి. 1980లో కూనవరంలో సేకరించిన పాటకు 'ఖమ్మం జిల్లా' అన్నది సరైన సూచన. నేటి పాఠకుడు ఆ జిల్లా పటంలో కూనవరాన్ని వెతికితే కనబడదు. సేకరణ కాలపు జిల్లా, ప్రస్తుత జిల్లా రెండింటికీ సూచికలో చోటు ఉండాలి.

7. పరిమితులు

లేటెక్ అన్ని రోగాలకు మందు కాదు. తెలుగు లిపికి దాని సాంకేతిక పరిమితులు దానికున్నాయి. 'ఊర్ధ్వ', 'స్త్రీ' వంటి పదాలలో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. రోమన్ అక్షరాలకు నిర్ణయించిన ఎడం చాలక వ్యవస్థ ఆ పంక్తుల దగ్గర మాత్రమే ఎడం పెంచుతుంది. పుట ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ఎడాన్ని మొదటి నుంచే ఎక్కువగా నిర్ణయించడం దీనికి విరుగుడు. పద విరుపు నియమాలు తెలుగుకు ఉన్నా అవి అక్షరాన్ని చూస్తాయి, సమాసంలోని పదసంధిని చూడవు. అందువల్ల విరుపు అర్థానికి అడ్డుపడే చోట రచయిత స్వయంగా గుర్తించవలసి ఉంటుంది.

సామాజిక పరిమితి వీటికంటే పెద్దది. భద్రాచలం పరిసరాలలో క్షేత్రపర్యటన చేసే పరిశోధకులకు చరవాణి తప్ప వేరే యంత్రం అందుబాటులో లేకపోవచ్చు. తెలుగు శాఖలలో సూచికల భాష నేర్పే పాఠ్యాంశం సాధారణంగా ఉండదు. ఈ స్థితిలో లేటెక్ మూలంలో పంపిన వ్యాసాలనే స్వీకరిస్తామని పత్రిక నిబంధన పెడితే మంచి పరిశోధన గడప దగ్గరే ఆగిపోతుంది. యూనికోడేతర ఫాంటు నిబంధన ఎంత అన్యాయమో అదీ అంతే.

ఈ అభ్యంతరానికి సమాధానం పని విభజనలో ఉంది. వ్యాసకర్త యూనికోడ్‌లో, సాదా పాఠంగా, తెలుగు పదాలతోనే 'పద్యం', 'పాదాంతం', 'పల్లవి', 'కోయ', 'పాఠాంతరం' అని గుర్తులు పెట్టి పంపవచ్చు. చరవాణిలో కూడా ఇది సాధ్యం. ఆ గుర్తులను కూర్పు సూచికలుగా మార్చడం, శైలి పత్రాన్ని తయారుచేయడం పత్రిక బాధ్యత. ఏది పద్యమో చెప్పవలసినది పరిశోధకులు. అది ఎంత లోపలికి జరగాలో చెప్పవలసినది పత్రిక. చేతి కూర్పు కాలంలో పరిష్కర్తకు, కంపోజిటరుకు మధ్య ఉన్న సంబంధాన్ని ఈ విభజన మళ్లీ నెలకొల్పుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

పద్యపాదం, పల్లవి మరలింపు, పాఠాంతరం, పరభాషా పంక్తి అనేవి పాఠానికి చెందిన నిర్మాణాంశాలు. వాటిని స్పేస్, ఎంటర్ మీటలతో రూపంగా మాత్రమే చూపిన వ్యాసంలో ఫాంటు లేదా పుట మారగానే అవి చెదురుతాయి. నిర్మాణ సూచికలతో కూర్చిన వ్యాసంలో అవి నిలుస్తాయి. కాబట్టి కూర్పు పద్ధతి ఎంపిక పాఠ పరిష్కరణ పద్ధతి ఎంపికలో భాగం.

కూర్పు వ్యవస్థలోని పాశ్చాత్య నియమాలను తెలుగు పేర్లకు, ప్రాసయతులకు, మౌఖిక కర్తృత్వానికి అనుగుణంగా మార్చుకోవాలి. ఆ మార్పులను పత్రికలు తమ సూచనలలో స్పష్టంగా ప్రకటించాలి. పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు అరసున్నలు, శకటరేఫలు, అరుదైన సంయుక్తాక్షరాలను మూలంతో సరిపోల్చి చూడాలి.

దాశరథీ శతకం ఎన్నో ముద్రణలు పొందింది. దానిలో ఒక పాదం ఒక వ్యాసంలో చెదిరినా వేరే ప్రతిలో సరిచూసుకోవచ్చు. శబరి ఒడ్డున ఒక్కసారి పాడిన కోయ పాటకు ఆ వ్యాసమే ఏకైక ప్రతి కావచ్చు. అది అన్వేషణకు అందకపోయినా, అందులో గాయకుల పేరు జారిపోయినా, సరిచూసుకోవడానికి మరో ప్రతి ఉండదు.